కోతల నాటి బండ్లు రోడ్డు లెక్కలోకి రావాలి

యాసంగి వడ్లు కల్లంలో పోసిన రోజు నుంచి రైతుకు రెండు దిగుళ్లు. ఒకటి మొగులు, రెండోది బాట. ధర కోసం, తరుగు ఆపడం కోసం మనం కొట్లాడుతూనే ఉన్నాం. కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి మిల్లుకు పోయే రోడ్డు గురించి మాత్రం అది చెడిపోయాకే మాట్లాడుతున్నాం. ఏ రోడ్డు వేయాలి, ఎంత మందంతో వేయాలి అని తేల్చే దశలో మన గొంతు వినపడడం లేదు.

రోడ్డు మందం ఎవరి ఇష్టాన్ని బట్టీ ఉండకూడదు. దాని మీద రోజూ ఎన్ని బరువు బండ్లు పోతాయన్న లెక్కను బట్టి ఉండాలి. ఆ లెక్క ఎట్లా తీయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972 నాటి ఐఆర్‌సీ 9 మార్గదర్శకంలోనే చెప్పింది. ఏడాదికి కనీసం రెండుసార్లు, ఒక్కోసారి ఏడు రోజుల పాటు, రాత్రింబవళ్లు లెక్కించాలి. ఒకటి పంట కోసి మార్కెట్‌కు తోలే కాలంలో, మరొకటి రద్దీ లేని కాలంలో జరగాలి. పల్లె రోడ్ల కోసం రాసిన ఎస్పీ 72 కూడా కోతల కాలంలో పెరిగే రాకపోకలను కలుపుకొనే మందం లెక్కగట్టమంటుంది. కాబట్టి రైతు బండిని లెక్కలో రాయడం ఎవరి దయా కాదు, అది ఇంజనీరింగ్ నియమం.

ఈ నియమం మన మూడు జిల్లాలకు ఎంత అవసరమో చూడండి. జనగామ వైపు వడ్ల ట్రాక్టర్లు, వరికోత మిషన్లు. మహబూబాబాద్ నుంచి కేసముద్రం మార్కెట్‌కు, వరంగల్ ఏనుమాములకు పోయే మిర్చి, పత్తి, మక్కల బండ్లు. భూపాలపల్లిలో పత్తి బండ్లతో పాటు సింగరేణి బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు. పని లేని నెలలో ఒక్కసారి లెక్కిస్తే కనిపించేవి ఆటోలు, మోటార్ సైకిళ్లే. వాటికి సరిపడా వేసిన డాంబర్ ఒక్క పంట కాలానికే లేచిపోతుంది. కిరాయి పెరిగేది, బస్తాలు తడిసేది రైతుకే.

వాగుల సంగతీ అంతే. 2023 జూలై 27న మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఊరివాళ్లు గోడ మీద గుర్తు చూపిస్తారు. కొత్త వంతెన డిజైన్‌లోకి ఆ గుర్తు చేరాలి.

పెద్ద రోడ్లకు సర్వేలు, కన్సల్టెంట్లు, డీపీఆర్‌లు అన్నీ ఉంటాయి. నాగ్‌పూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ హైవేలో మంచిర్యాల–వరంగల్ భాగానికి 2023 జూలై 8న శంకుస్థాపన జరిగింది. భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల భూములు ఈ దారి కిందికి పోతున్నాయి. జాతీయ రహదారుల చట్టం కింద సేకరణ కాబట్టి 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం లెక్కలు వర్తిస్తాయి, సామాజిక ప్రభావ అంచనా మాత్రం వర్తించదు. చేను రెండు ముక్కలైతే ట్రాక్టర్ అవతలికి ఎట్లా పోవాలి, అండర్‌పాస్ ఎక్కడ కావాలి అన్న ప్రశ్నకు కూడా మన బండ్ల లెక్కే జవాబు.

సిబ్బంది లేరు, సర్వేలకు నిధుల్లేవు అని ఇంజనీర్లు అంటారు. అయితే నిధి కేటాయించమని అడుగుదాం. అమెరికాలో 1934లోనే రాష్ట్రాలకిచ్చే రోడ్ల నిధుల్లో నూటికి ఒకటిన్నర దాకా సర్వేలకు, ప్రణాళికలకు వాడుకోవచ్చని చట్టం చేశారు. ఇప్పుడు ప్రధాన రోడ్ల నిధుల్లో నూటికి రెండు ప్రణాళిక, పరిశోధనల కోసం పక్కన పెట్టాలి. అందులో కనీసం నాలుగో వంతు పరిశోధనకే. ఒక్క రోడ్డు వృథా పోకుండా ఆపినా ఈ ఖర్చు తిరిగొస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వం ముందు మనం పెట్టాల్సిన డిమాండ్లు మూడు. రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్ శాఖల రోడ్ల బడ్జెట్‌లో నూటికి రెండు సర్వేకు, పరిశోధనకు కేటాయించాలి. వానాకాలం, యాసంగి కోతల్లో రెండుసార్లూ బండ్లను లెక్కించాలి. వరంగల్ నిట్‌లో రవాణా ఇంజనీరింగ్ విభాగం ఉంది, దాని సాయం తీసుకోవచ్చు. తేలిన లెక్కను గ్రామసభలో చదివి, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.

అప్పటిదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. వచ్చే కోతల్లో ప్రతి గ్రామ కమిటీ ఒక నోట్‌బుక్ తీసుకొని ఏడు రోజులు ఊరి పొలిమేరలో కూర్చోవాలి. ట్రాక్టర్, లారీ, డీసీఎం, వరికోత మిషన్, ఎడ్లబండి, ఆటో వేర్వేరుగా రాయాలి. నిండుగా పోయిందా, ఖాళీగా పోయిందా కూడా రాయాలి. ఆ నోట్‌బుక్ నకలు ఏఈకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. "రోడ్డు బాగాలేదు" అన్న వినతిపత్రాన్ని పక్కన పడేయడం సులువు. ఏడు రోజుల లెక్కకు మాత్రం జవాబు చెప్పాల్సిందే.