రెండు రోజుల కూలి

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా పెద్దనాయిన బ్యాంకు పాస్‌బుక్ పట్టుకొని వచ్చిండు. "నువ్వు ఇంజినీరింగ్ సదువుతున్నవు గదా, జర ఇది సూసి చెప్పు బిడ్డా. మావోడు అమెరికాల ఏం ఖర్చు పెడుతుండో నాకు సమజైతలేదు" అన్నడు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. అన్న ఎం.ఎస్. చేయడానికి పోయి అప్పటికి రెండు నెలలు. ఇంటర్‌లో తీసిన సేవింగ్స్ అకౌంట్ డెబిట్ కార్డే వెంట తీసుకుపోయిండు. పెద్దనాయిన ఇక్కడ పైసలు వేస్తడు, అన్న అక్కడ ఏటీఎంలో తీసుకుంటడు. సులువైన పద్ధతే అనిపిస్తది. కానీ పాస్‌బుక్‌లో ఒక్కో విత్‌డ్రాయల్ కింద ఇంకో రెండు చిన్న చిన్న కోతలు ఉన్నాయి. "60 డాలర్లే తీసిన నాయినా" అని కొడుకు అంటుండు. లెక్క మాత్రం అంతకంటే ఎక్కువ చూపిస్తుంది. తండ్రి మనసులో అనుమానం పడింది. పత్తి అమ్మిన పైసలాయె మరి.

నేను పేపర్ మీద లెక్క వేసి చూపించిన. మీకూ చూపిస్తా. డాలర్‌కు 85 రూపాయలు అనుకుందాం. 60 డాలర్లు అంటే 5,100 రూపాయలు. మొదటి కోత అక్కడి ఏటీఎం వాడిది. 3 డాలర్లు అనుకుంటే 255 రూపాయలు. రెండోది మన బ్యాంకు ఒక్కో విత్‌డ్రాయల్‌కు తీసుకునే ఫీజు. చాలా బ్యాంకుల్లో 100 నుంచి 150 మధ్య ఉంటుంది, 125 వేసుకుందాం. మూడోది డాలర్‌ను రూపాయల్లోకి మార్చినందుకు వేసే మార్కప్. 3.5 శాతం అయితే 63 డాలర్ల మీద 187 రూపాయలు. నాలుగోది ఈ బ్యాంకు చార్జీల మీద 18 శాతం జీఎస్టీ, 56 రూపాయలు. మొత్తం 623. అంటే చేతికొచ్చిన ప్రతి 100 రూపాయలకు 12 రూపాయలకు పైనే పోయినట్టు.

2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అన్న ఒక్కసారి మెషీన్ దగ్గరికి పోయి వచ్చేసరికి ఇక్కడ రెండు రోజుల కూలి మాయమైంది. అట్ల నెలలో ఐదుసార్లు పోయిండు.

ఇక్కడ నెలలో ఫ్రీ లిమిట్ దాటితే 2025 మే 1 నుంచి ఒక్కో విత్‌డ్రాయల్‌కు 23 రూపాయల దాకా తీసుకోవచ్చని ఆర్‌బీఐ చెప్పింది. ఆ 23 కోసం మనం బ్రాంచిలో కొట్లాడుతం. అక్కడ పోయే 623 గురించి మాత్రం ఒక్కడూ మాట్లాడడు.

మరి ఏం చేయాలి? పెద్ద విద్యేం కాదు. అదే 300 డాలర్లు ఐదుసార్లు కాకుండా ఒక్కసారే తీస్తే పై లెక్క ప్రకారం మొత్తం కోత 1,466 రూపాయలు. ఐదుసార్లు తీస్తే 3,115. సగానికి సగం మిగులుతుంది. ఇక మెషీన్ "రూపాయల్లో మార్చి తీసుకోవాలా?" అని మర్యాదగా అడుగుతుంది. మన రూపాయి కనబడగానే సంబురపడి ఎస్ నొక్కొద్దు. అక్కడ రేటు పెట్టేది ఏటీఎం వాడు, వాడి లాభం ఆ రేటులోనే ఉంటుంది. "వితౌట్ కన్వర్షన్" నొక్కి, ఆ దేశం కరెన్సీలోనే తీయాలి. క్రెడిట్ కార్డుతో నగదు అస్సలు తీయొద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలైతది. ఫారెక్స్ కార్డులో డాలర్లే వేసుకుని డాలర్లే తీస్తే మార్కప్ ఉండదు. అయితే ఒక్కో విత్‌డ్రాయల్‌కు ఫీజు, ఏటీఎం వాడి ఫీజు అప్పుడూ పడొచ్చు.

అన్నింటికంటే మంచిది, దిగిన మొదటి వారంలోనే అక్కడి బ్యాంకులో అకౌంట్ తీయడం. చాలా చోట్ల పాస్‌పోర్ట్, ఐ-20, అడ్రస్ కాగితం ఉంటే విద్యార్థులకు ఇస్తరు. ఫీజులకు, ఖర్చులకు ఇంటి నుంచి ఒకేసారి ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే, ఆ బ్యాంకు సొంత ఏటీఎంలో నగదు ఊరికే వస్తుంది. అక్కడి డెబిట్ కార్డుతో సూపర్ మార్కెట్‌లో సామాన్లు కొన్నప్పుడు "క్యాష్ బ్యాక్" అడిగితే కౌంటర్ దగ్గరే నగదు ఇచ్చే షాపులు చాలా ఉన్నాయి. మనం ఫోన్‌లో చూసే క్యాష్‌బ్యాక్ ఆఫర్ కాదిది, మన పైసలే మన చేతికిస్తరు. అన్నకు ఇవేవీ తెల్వక కాదు. "రూమ్ దొరకనీ, తర్వాత చూద్దాం" అనుకున్నడు. ఆ తర్వాత రెండు నెలలకు వచ్చింది.

ఈ మాట హాస్టల్‌లో చెప్తే ఒక ఫ్రెండ్ నవ్విండు. "30, 40 లక్షలు అప్పు చేసి పోయేటోడు 600 రూపాయలకు ఏడుస్తడా రా?" అన్నడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఫీజు ముందు ఈ కోత చిన్నదే. కానీ 30 లక్షలు బ్యాంకు కాగితం మీద ఉన్న అంకె. చేతిలో నుంచి రోజూ పోయేది ఈ 600. పైగా ఈ కోత అందరికీ ఒక్క తీరుగా పడదు. అకౌంట్ నిండా ఉన్నోడు నెలకు ఒకసారి తీసుకుంటడు, వాడికి తక్కువ శాతం పోతది. ఇంటి నుంచి ఇంత ఇంత వస్తుంటే అంతంత తీసుకునేటోడికే ఎక్కువ శాతం పోతది. ఎవరి దగ్గర తక్కువ ఉందో వాళ్ల దగ్గరే ఎక్కువ గుంజే లెక్క ఇది. నా బాధ అక్కడ.

మా అమ్మమ్మోళ్ల ఊరు మక్తల్ దిక్కు. తాత పాలమూరు కూలీల గుంపుతో బొంబాయికి పోయి బిల్డింగ్ పనులు చేసిండు. అక్కడి నుంచి ఇంటికి మనియార్డర్ పంపేటోడు. పోస్టాఫీసు కమీషన్ 20 రూపాయలకు ఒక రూపాయి, అంటే నూటికి 5. ఫారం మీదనే లెక్క ఉండేది, ఎంత పోతుందో తాతకు ముందే తెలుసు. పోస్ట్‌మ్యాన్ నడుచుకుంటూ వచ్చి అమ్మమ్మ చేతిలో లెక్కపెట్టి ఇచ్చేటోడు. చదువు రాని తాత పైసలకు నూటికి 5 పోతే, కంప్యూటర్ సైన్స్ చదివిన మనవడి పైసలకు నూటికి 12 పోతున్నయి. బుద్ధి మనకే లేదా, పద్ధతే అట్లుందా?

రెండూ అంటాను నేను. అమెరికాలో ఏటీఎం వాడు తన ఫీజు ఎంతో స్క్రీన్ మీద ముందే చూపించాలని చట్టం ఉంది. మన బ్యాంకు కోసే ఫీజు, మార్కప్, జీఎస్టీ మాత్రం ఆ స్క్రీన్ మీద రావు. అవి వెబ్‌సైట్‌లో ఏ మూలనో ఉన్న చార్జీల పట్టికలో ఉంటాయి, లేకపోతే పాస్‌బుక్ ప్రింట్ అయినంక కనబడతాయి. కార్డు ఇంటర్నేషనల్‌గా ఆన్ చేసే యాప్‌లోనే "వెయ్యి రూపాయలకు ఇంత, 5 వేలకు ఇంత పోతది" అని తెలుగులో చూపించడం బ్యాంకులకు కష్టమా? ఆ యాప్‌లు రాసేది మన సీనియర్లే కదా!

మన కాలేజీల్లో జీఆర్ఈకి క్లాసులున్నాయి, వీసా ఇంటర్వ్యూకి మాక్ టెస్టులున్నాయి. డబ్బు గురించి ఒక్క గంట క్లాసు లేదు. ఈ ఏడాది వెళ్లే సీనియర్లకు మన క్లబ్ తరఫునే ఆ గంట పెడదామని నా ప్రతిపాదన. తల్లిదండ్రులనూ పిలుద్దాం, తెలుగులోనే చెబుదాం. ఎందుకంటే పాస్‌బుక్ చూసి రాత్రి నిద్రపోనిది వాళ్లే.

లెక్క అంతా విన్న పెద్దనాయిన పేపర్ మడిచి జేబులో పెట్టుకున్నడు. "అయితే మావోడు తిని పారేస్తలేడు" అన్నడు. ఆ రాత్రే వీడియో కాల్ చేసి, "అకౌంట్ తీసినవా?" అని మాత్రమే అడిగిండు. రెండు నెలల సంది కొడుకును తిడుతున్న మనిషి ఆ రోజు తిట్టలేదు. అన్న వారంలో అకౌంట్ తీసిండు.