ఖోలీకి లెక్కుంది, సహన్‌కి లెక్క లేదు

పోయిన నెల అబ్బా కట్టిన ఇల్లు బిల్డర్‌కు ఇవ్వాలా వద్దా అని భాయీలందరం కూర్చున్నం. బిల్డర్ తెచ్చిన కాయితం మీద ఒక్కో ఫ్లాట్ ఎన్ని చదరపు అడుగులో, ఎవరి హిస్సా ఎంతో సాఫ్‌గా రాసుంది. అమ్మీ అంతా విని ఒక్కటే సవాల్ చేసింది: "ఇస్మే సహన్ కాఁ హై?" ఇందులో సహన్ ఎక్కడుంది? ఎవరి దగ్గరా జవాబ్ లేదు. బిల్డరైతే నవ్విండు.

ఆ రాత్రి నాకు మా పెద్ద ఖాలా ఉన్న బంబై చాల్ యాదికొచ్చింది. పెళ్లయినంక ఆమె పాలమూరు నుంచి అక్కడికి పోయింది. ఖాలూకి బట్టల మిల్లులో నౌక్రీ. మదన్‌పురా దగ్గర ఒక్కటే ఖోలీ, అందులో ఏడుగురు. సెలవులకు పోతే ఆ ఖోలీలో నేను పడుకున్నది తక్కువ, సహన్‌లో ఆడుకున్నది ఎక్కువ.

బంబైలో మొదటి బట్టల మిల్లు కంపెనీ 1854లో మొదలైంది. ఆ తర్వాత మిల్లుల మీద మిల్లులు లేచినయి. కొంకణ్ నుంచి, ఘాట్ల మీది నుంచి మజ్దూర్లు వచ్చిన్రు. ఉత్తరాది నుంచి మోమిన్ జులాహాలు వచ్చి మదన్‌పురాలో మగ్గాలు పెట్టుకున్నరు. ఆ పక్కనే ఉన్న కామాఠిపురాకు ఆ పేరు మన తెలుగు కూలీల వల్లనే వచ్చింది. కామాఠీలంటే వాళ్లే. ఇంతమందికి తలదాచుకునే జాగా కావాలి. తక్కువ నేలలో ఎక్కువ కిరాయా రావాలని మాలిక్‌లు కట్టించిందే చాల్.

దాని నక్షా సీదాసాదా. మధ్యలో సహన్, చుట్టూ రెండు మూడు అంతస్తులు. ప్రతి అంతస్తుకీ సహన్ వైపు చెక్క కటకటాల పొడుగాటి వరండా, దాని వెంట వరసగా ఖోలీలు. ఖోలీ మహా అంటే పది బై పన్నెండు. ఒక మూలకు మోరీ, అంటే గిన్నెలు కడిగే, నీళ్లు పోసుకునే గట్టు. పాయఖానాలు అందరికీ కలిపి వరండా చివర. ఖోలీలు గోడకు గోడ ఆనుకుని ఉంటయి కాబట్టి గాలీ వెలుతురూ వరండా వైపు నుంచే రావాలి. అంటే సహన్ లేకపోతే ఆ ఇల్లు ఊపిరే పీల్చలేదు.

1896లో ప్లేగు వచ్చింది. ఇరుకు గల్లీల మీద సర్కారు కన్ను పడి 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టింది. 1920ల్లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివ్డీలలో 207 కాంక్రీటు చాళ్లు కట్టింది. ఒక్కో దాంట్లో 80 గదులు, ఒక్కో గది 160 చదరపు అడుగులు. వీటిలో వరండా లోపలికి పోయి చీకటి నడవా అయింది. సహన్ బయటికొచ్చి రెండు బిల్డింగుల మధ్య మైదానమైంది. అయినా జనం ఆ మైదానాన్నే సహన్ చేసుకున్నరు.

ఏడుగురు ఒక్క ఖోలీలో ఎట్ల బతికిన్రని మా పిల్లలు అడుగుతరు. ఖోలీలో బతకలేదు బేటా, ఖోలీ సగం ఇల్లే. మిగతా సగం సహన్. రాత్రి పాళీ మజ్దూర్ పగలు నిద్రపోవాలంటే పిల్లలు సహన్‌లో ఉండాలి. గోధుమలు ఏరేది అక్కడే, నిఖా షామియానా వేసేది అక్కడే, యూనియన్ మీటింగ్ పెట్టేది అక్కడే. 1982 జనవరి 18న మిల్లు హర్తాళ్ మొదలై రెండున్నర లక్షల మంది పని ఆపేస్తే, నెలల తరబడి మా ఖాలా పొయ్యి వెలిగింది తన ఒక్క ఇంటి బియ్యంతో కాదు. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో సహన్‌లో నిలబడితే కనబడుతది. ఉర్దూలో పొరుగువాణ్ని హమ్‌సాయా అంటం, ఒకే నీడలో ఉండేవాడు. ఆ మాటకు మానీ నాకు అక్కడ తెలిసింది.

అట్లని చాల్‌ను జన్నత్ చేసి చెప్పను. ఫజర్ కన్నా ముందు లేచి నీళ్లకు లైన్ కట్టింది ఆడవాళ్లే. పాయఖానా ముందు డబ్బా పట్టుకుని నిలబడే షరమ్ ఏందో ఖాలాను అడిగితే తెలిసేది. తలుపుకు పర్దా వేసుకున్నా మియాబీవీ తకరార్ నాలుగిళ్లకు వినిపించేది. ఏ చాల్‌లో ఎవరికి ఖోలీ దొరకాలో జాత్, మజ్హబ్ చూసి తేల్చేవాళ్లు. 1974లో వర్లీ చాళ్లలో దళితుల మీద దాడులు జరిగింది కూడా ఆ మైదానాల్లోనే. సహన్ ఉంటే మొహబ్బత్ దానంతటదే రాదు. కానీ మనుషులు ఒకరికొకరు కనబడే జాగానే లేకపోతే మొహబ్బత్ ఎక్కడి నుంచి వస్తది?

ఇప్పుడు ఆ సర్కారీ చాళ్లు కూల్చి టవర్లు కడుతున్నరు. 160 అడుగుల ఖోలీకి బదులు 500 అడుగుల ఫ్లాట్, సొంత బాత్రూమ్. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి కుటుంబాలకు చాబీలు ఇచ్చిన్రు. ముబారక్, అది వాళ్ల హక్. మా ఖాలా ఉంటే ముందు ఆ బాత్రూమ్‌కే షుకర్ చెప్పేది. నా ఫిర్యాదు ఫ్లాట్ మీద కాదు, లెక్క మీద. ఖోలీని కొలిచి మూడింతలిచ్చినమంటరు. ఆ ఖోలీకి తోడుగా వాడుకున్న వరండా, సహన్ ఏ లెక్కలోనూ రాలేదు.

మన ఊళ్లలో జరిగేదీ ఇదే. పాత ఇల్లు ఇచ్చేటప్పుడు మనం అడుగులు, వాటాలు, అడ్వాన్స్ అడుగుతం. పిల్లలు ఎక్కడ ఆడాలె, పడోసీ ఎక్కడ కలవాలె అని అడగం. కింద మిగిలే జాగాను పార్కింగ్ అంటే తలూపుతం. ఫ్లాట్ వద్దని నేననను. సంతకానికి ముందు సహన్ ఎంతో కాయితం మీద రాయించుకోండి. రాయనిది దక్కదు.

మేము ఇంకా సంతకం పెట్టలేదు. అమ్మీ ఆ సవాల్ ఎందుకు చేసిందో రెండ్రోజులకు సమజైంది. ఈ మధ్య ఒక దోస్త్ వాళ్ల అపార్ట్‌మెంట్‌లో మయ్యత్ అయితే, గుసుల్‌కు జాగా లేక రెండు కార్ల మధ్య పర్దా కట్టిన్రు. అబ్బా డోలా మాత్రం మా సహన్‌లో నుంచే లేచింది. చుట్టూ నిలబడడానికి మొహల్లా మొత్తానికీ జాగా ఉండె. అమ్మీకి ఇప్పుడు డెబ్బై తొమ్మిది.