మండల కార్యాలయానికి వచ్చిన కాల్‌ ఎక్కడ ఆగిపోతోంది? - ఆఫీసు టెలిఫోన్‌ వ్యవస్థల అమరికపై విశ్లేషణ

తల్లాడ (ఖమ్మం జిల్లా): సమాచార హక్కు చట్టం, 2005 లోని 4(1)(బి) సెక్షన్‌ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన అధికారులు, సిబ్బంది వివరాల డైరెక్టరీని స్వయంగా ప్రకటించవలసి ఉంది. ఆ డైరెక్టరీలో హోదాకు ఎదురుగా సాధారణంగా ఫోన్‌ నంబరు కూడా ఉంటుంది. నంబరు ముద్రించడంతో బాధ్యత తీరిపోయిందన్న భావన కొన్నిచోట్ల నెలకొన్నది. కానీ రాత్రి పదకొండు గంటలకు ఆ నంబరుకు ఫోన్‌ చేసిన రైతుకు ఎవరు పలుకుతారన్నది డైరెక్టరీలో కనిపించదు. ఆఫీసు మూలన గోడకు బిగించిన చిన్న పెట్టెలో, ఎప్పుడో ఒక టెక్నీషియన్‌ నమోదు చేసి వెళ్లిన అంకెలే దానిని నిర్ణయిస్తాయి. ఆ పెట్టెనే ఈపీఏబీఎక్స్‌ అంటున్నాం.

తల్లాడను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఖమ్మం నుండి వైరా మీదుగా సత్తుపల్లికి వెళ్లే దారి, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగే దారి ఇక్కడే విడిపోతాయి. ఒకవైపు సాగర్‌ ఎడమ కాలువ ఆయకట్టు, మరోవైపు అటవీ ప్రాంతం ఆరంభం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు తల్లాడ ఖమ్మం జిల్లాలోనే ఉండగా, పక్కనే ఉన్న జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. అంతకు రెండేళ్ల ముందే, 2014లో, భద్రాచలం డివిజన్‌లోని కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. సరిహద్దులు కాగితం మీద ఒక్కరోజులో మారాయి. అయితే ఫోన్‌ వ్యవస్థలలో నమోదైన బదిలీ నంబర్లను ఎవరో ఒకరు కూర్చుని మార్చితే తప్ప అవి మారవు. పాత జిల్లా అలవాటుతో ఖమ్మం కోడ్‌ 08742కు ఫోన్‌ చేసిన జూలూరుపాడు వాసికి, మీ జిల్లా కేంద్రం ఇప్పుడు 08744 అని చెప్పి కాల్‌ను అటు కలపగల ఆపరేటర్‌ ఉన్న కార్యాలయం వేరు, 'ఇక్కడ కాదు' అని పెట్టేసే కార్యాలయం వేరు.

ఈ ప్రాంతంలో ఫోన్‌ పలకకపోవడం చిన్న విషయం కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది. 43 అడుగులకు మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. ఈ హెచ్చరికల మధ్య వ్యవధి కొన్ని గంటలే ఉండవచ్చు. ఇక 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఉప్పొంగి ఖమ్మం నగరంలో అనేక కాలనీలు నీట మునిగిన సంగతి తెలిసిందే. అటువంటి రాత్రులలో తహసీల్దారు కార్యాలయం నంబరు మూడుసార్లు మోగి ఆగిపోవడమంటే ఏమిటో వివరించనవసరం లేదు.

గ్రామీణ టెలిఫోన్‌కు, ఆఫీసు టెలిఫోన్‌ పెట్టెకు దగ్గరి చుట్టరికం ఉన్నదన్న విషయం ఇక్కడ పేర్కొనదగినది. 1984లో ఏర్పడిన సీ-డాట్‌ సంస్థ మొదట 128 పోర్టుల ఆఫీసు ఎక్స్‌చేంజీని రూపొందించి, అదే నిర్మాణాన్ని పల్లెలకు అనువుగా మార్చింది. ఏసీ గది అవసరం లేని ఆ గ్రామీణ ఆటోమేటిక్‌ ఎక్స్‌చేంజీని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో తొలిసారి నెలకొల్పారు. తరువాతి సంవత్సరాలలో పల్లెపల్లెకు డయల్‌ టోన్‌ చేరడంలో దాని పాత్ర పెద్దది. అంటే కాల్‌ను ఒక చోటి నుండి మరొక చోటికి మళ్లించే తెలివి దశాబ్దాలుగా మన చేతిలోనే ఉంది. లోపం అమరికలో జరుగుతోంది.

రెండు లైన్లు, ఒక బదిలీ

మండల స్థాయి కార్యాలయానికి రెండు బయటి లైన్లు, ఎనిమిది వరకు ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయనుకుందాం. సాయంత్రం ఆఫీసు మూసే వేళకు గుమాస్తా ఈపీఏబీఎక్స్‌లో 'నైట్‌ సర్వీసు' పెట్టి, వచ్చే కాల్స్‌ను అధికారి సెల్‌ఫోన్‌కు మళ్లించి వెళ్తారు. పైకి చూడడానికి ఇది చక్కని ఏర్పాటు. కానీ లోపల జరిగేది వేరు. మామూలు అనలాగ్‌ లైన్ల మీద వచ్చిన కాల్‌ను పెట్టె ఒక లైనుపై స్వీకరించి, రెండవ లైనుపై బయటకు ఫోన్‌ చేసి, రెండింటినీ కలుపుతుంది. ఒక్కరు మాట్లాడుతున్నంతసేపూ రెండు లైన్లూ నిండిపోతాయి. రెండవ గ్రామం నుండి ఫోన్‌ చేసిన వారికి ఎంగేజ్‌ టోనే దక్కుతుంది. అంతేకాదు, అధికారి సెల్‌ఫోన్‌లో కనిపించేది ఆఫీసు సొంత నంబరే. చెరువు కట్ట తెగుతోందని చెబుతుండగా కాల్‌ తెగిపోతే, తిరిగి ఎవరికి ఫోన్‌ చేయాలో తెలియదు.

ఇదే పనిని టెలిఫోన్‌ ఎక్స్‌చేంజీ స్థాయిలో చేయించుకుంటే ఆఫీసు లైను నిండదు. ఎక్స్‌చేంజీ ఆ కాల్‌ను దారిలోనే మళ్లిస్తుంది. మళ్లించిన భాగానికి అయ్యే ఛార్జీ ఆఫీసు బిల్లులో పడుతుంది, అది వాస్తవమే. ఈ ఖర్చును తప్పించడానికే చాలాచోట్ల పెట్టెలోని బదిలీతో సరిపుచ్చుకుంటున్నారన్న వాదన ఉన్నప్పటికీ, పెట్టె ద్వారా వెళ్లే రెండవ కాల్‌ కూడా ఆఫీసు ఖాతాలోనిదే కనుక ఆ వాదన నిలవదు. రెండు లైన్ల కార్యాలయంలో రాత్రి బదిలీ ఎక్స్‌చేంజీ ద్వారానే జరగడం సముచితం. పగటి పూట బల్లల మధ్య బదిలీకి పెట్టె చాలు. ఎక్స్‌చేంజీలో బదిలీని ప్రారంభించే కోడ్‌లు యంత్రం రకాన్ని బట్టి మారుతూ వచ్చాయి కాబట్టి, పాత కాగితంపై రాసుకున్న కోడ్‌ను నమ్మకుండా సంబంధిత ఎక్స్‌చేంజీలో అడిగి తెలుసుకోవాలి.

ఇంకొక సాధారణ లోపం హంటింగ్‌ లేకపోవడం. రెండు లైన్లకు రెండు వేర్వేరు నంబర్లు ఉంటాయి; ప్రజలకు తెలిసినది మాత్రం మొదటిదే. మొదటిది బిజీగా ఉన్నప్పుడు కాల్‌ దానంతట అదే రెండవ లైనుకు చేరేలా ఎక్స్‌చేంజీలో జత చేయించకపోతే, రెండవ ఫోన్‌ ఏడాది పొడవునా ఖాళీగానే ఉంటుంది, అద్దె మాత్రం చెల్లిస్తూనే ఉంటాం.

సమయం లెక్క కూడా ముఖ్యమే. మన దేశంలో ఫోన్‌ గంట 'ట్రింగ్‌-ట్రింగ్‌' అని మోగి ఆగి మళ్లీ మోగడానికి మూడు సెకన్లు పడుతుంది. ఎనిమిది గంటలు మోగిన తరువాతే తదుపరి బల్లకు మళ్లాలని పెడితే 24 సెకన్లు. సీనియర్‌ అసిస్టెంట్‌ బల్ల దగ్గర మరో 24. ఆపై సెల్‌ఫోన్‌ మరో అర నిమిషం. మొత్తం 78 సెకన్లు. ఇంతలో ఎక్స్‌చేంజీ కాల్‌ను నిలిపివేయవచ్చు, లేదా ఫోన్‌ చేసిన వ్యక్తే విసిగి పెట్టేస్తారు. నాలుగేసి గంటల చొప్పున అమర్చితే ఇదే గొలుసు 54 సెకన్లలో పూర్తవుతుంది. అంతకంటే మేలైనది, మొదటి రెండు ఎక్స్‌టెన్షన్లు ఒకేసారి మోగేలా ఒక గ్రూపుగా పెట్టడం, ఎవరి బల్ల మీదైనా మోగుతున్న ఫోన్‌ను తన బల్ల నుండే అందుకునే కాల్‌ పికప్‌ కోడ్‌ను సిబ్బంది అందరికీ నేర్పడం. పక్క గదిలో ఫోన్‌ మోగుతుంటే 'అది మనది కాదు' అనుకునే అలవాటును మాత్రం ఏ కోడూ మార్చలేదు.

ముందు సున్నా

2021 జనవరి 15 నుండి ల్యాండ్‌లైన్‌ ద్వారా సెల్‌ఫోన్‌కు చేసే ప్రతి కాల్‌కు ముందు సున్నా చేర్చడాన్ని టెలికాం శాఖ తప్పనిసరి చేసింది. కొత్త సెల్‌ఫోన్‌ నంబర్లకు భారీగా చోటు కల్పించడం దీని ఉద్దేశం. చేత్తో డయల్‌ చేసేవారు రెండు రోజులలో అలవాటు పడ్డారు. కానీ ఈపీఏబీఎక్స్‌లలో అప్పటికే నమోదైన బదిలీ నంబర్లు, షార్ట్‌కట్‌ నంబర్లు పది అంకెలుగానే ఉండిపోయిన చోట, బదిలీ అయిన కాల్‌ అధికారికి చేరక, సున్నా చేర్చమన్న ప్రకటన దగ్గరే ఆగిపోతుంది. బయటి లైను కోసం ఆఫీసులలో ముందే ఒక సున్నా నొక్కే పద్ధతి ఉండటంతో గందరగోళం మరింత పెరిగింది: ఒక సున్నా లైను కోసం, మరొక సున్నా సెల్‌ఫోన్‌ కోసం. పెట్టెలో నమోదు చేసేటప్పుడు రెండూ ఉండాలి.

లైను కోసం నొక్కే ఆ సున్నా ప్రాణాల మీదికి కూడా రాగలదు. అమెరికాలోని టెక్సాస్‌ రాష్ట్రం మార్షల్‌ పట్టణంలో 2013లో ఒక మోటల్‌ గదిలో కారీ హంట్‌ అనే మహిళ హత్యకు గురైనప్పుడు, తొమ్మిదేళ్ల కూతురు అత్యవసర నంబరు 911కు నాలుగుసార్లు ప్రయత్నించింది. గది ఫోన్‌లో ముందుగా 9 నొక్కి బయటి లైను తీసుకోవాలని ఆ పాపకు తెలియదు. ఆ ఘటన తరువాత రూపొందిన చట్టంపై 2018లో సంతకం జరిగింది; అత్యవసర నంబరుకు ఏ ముందంకె లేకుండా నేరుగా కాల్‌ వెళ్లాలన్న నిబంధన 2020 ఫిబ్రవరి నుండి అక్కడి కొత్త వ్యవస్థలకు వర్తిస్తోంది. మన కార్యాలయాలలో, వసతి గృహాలలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఎక్స్‌టెన్షన్‌ నుండి 112, 108 నేరుగా కలుస్తున్నాయో లేదో ఒకసారి పరీక్షించుకోవాలి. ఎస్‌టీడీ బిల్లు తగ్గించేందుకు ఎక్స్‌టెన్షన్లకు తాళం వేసినప్పుడు, '1'తో మొదలయ్యే అంకెలన్నింటినీ కలిపి నిలిపివేసి ఉంటే, అంబులెన్సు నంబరు కూడా ఆ తాళంలోనే చిక్కుకుంటుంది.

ఇక బదిలీ చేసిన నంబరు ఎవరిది అన్న ప్రశ్న. అధికారులకు బదిలీలు సహజం. కొత్త అధికారి బాధ్యతలు స్వీకరించిన రోజున చార్జి పత్రాలు, తాళాలు, స్టాకు రిజిస్టరు చేతులు మారతాయి. ఫోన్‌ మళ్లింపు మాత్రం పాత అధికారి సొంత సెల్‌ఫోన్‌ వద్దనే ఉండిపోతుంది. ఆయన మరో జిల్లాలో ఉండి అర్ధరాత్రి తల్లాడ ఫిర్యాదులు వినవలసి వస్తుంది. మళ్లింపు ఎప్పుడూ హోదాకు కేటాయించిన నంబరుకే జరగాలి, చార్జి జాబితాలో ఒక అంశంగా దానిని చేర్చాలి. అటవీ సరిహద్దు గ్రామాలలో పర్యటనలో ఉన్న అధికారికి సిగ్నల్‌ అందకపోతే కాల్‌ ఎటు పోవాలన్నది కూడా ముందే నిర్ణయించాలి. అందుబాటులో లేనప్పుడు తిరిగి ఆఫీసుకే మళ్లేలా సెల్‌ఫోన్‌లో పెట్టుకుంటే, ఆఫీసు నుండి సెల్‌కు, సెల్‌ నుండి ఆఫీసుకు కాల్‌ గానుగెద్దులా తిరుగుతుంది.

సెల్‌ఫోన్‌ మళ్లింపులకు సంబంధించి 2024 నాటి పరిణామాన్ని అధికారులు గుర్తుంచుకోవాలి. *401# వంటి కోడ్‌ను, దాని వెనుక ఒక తెలియని నంబరును నొక్కించి, బాధితుని కాల్స్‌ అన్నీ తమవైపు మళ్లించుకుని, ఫోన్‌ ద్వారా వచ్చే ఓటీపీలతో ఖాతాలు ఖాళీ చేసే మోసాలు వెలుగులోకి వచ్చాయి. దీంతో యూఎస్‌ఎస్‌డీ ఆధారిత కాల్‌ ఫార్వర్డింగును 2024 ఏప్రిల్‌ 15 నుండి, తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయాలని టెలికాం శాఖ సేవా సంస్థలను ఆదేశించింది. అవసరమైన వారు ఇతర మార్గాల ద్వారా మళ్లింపును తిరిగి పొందవచ్చని తెలిపింది. అంతకు ముందు ఆ పద్ధతిలో మళ్లించిన ఆఫీసు నంబర్లు నేటికీ మళ్లుతున్నాయో లేదో పరీక్షించకుండా చెప్పలేం. మోసం జరిగినట్లు అనుమానం వస్తే 1930కు వెంటనే తెలియజేయాలి.

పెట్టె పాస్‌వర్డు సంగతి కూడా ఇటువంటిదే. కంపెనీ నుండి వచ్చిన 1234 వంటి అంకెలే సంవత్సరాల తరబడి కొనసాగితే, ఇంటర్నెట్‌కు కలిపిన వ్యవస్థలలో బయటివారు చొరబడి రాత్రికి రాత్రే విదేశీ కాల్స్‌ చేసుకోగలరు. బిల్లు వచ్చేదాకా విషయం తెలియదు.

చివరిగా విద్యుత్తు. పాత రాగి తీగ ఫోన్‌కు కావలసిన 48 వోల్టుల విద్యుత్తు ఎక్స్‌చేంజీ నుండే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్‌ పలికేది. ఈపీఏబీఎక్స్‌ ఆగిపోయినా మొదటి లైనును ఒక నిర్ణీత ఎక్స్‌టెన్షన్‌కు నేరుగా కలిపే ఏర్పాటు చాలా పెట్టెలలో ఉంది. అయితే ఆ ఎక్స్‌టెన్షన్‌ రికార్డు గదిలో ఉంటే ప్రయోజనం లేదు. రాత్రి కాపలా ఉండే మనిషి దగ్గర ఉండాలి. ఫైబర్‌ కనెక్షన్‌కు మారిన కార్యాలయాలలో పరిస్థితి మరింత భిన్నం. గోడ మీది ఫైబర్‌ పరికరానికి ఆఫీసు విద్యుత్తే ఆధారం. గాలివానకు సరఫరా పోయిన పది నిమిషాలకు ఇన్వర్టరు కంప్యూటర్లను మాత్రమే నడుపుతూ, ఫైబర్‌ పరికరానికీ ఈపీఏబీఎక్స్‌కూ దాని తీగ లేకపోతే, వరద వచ్చేలోపే ఆ కార్యాలయం మూగబోతుంది. ఇన్వర్టరు నుండి ఈ రెండింటికీ తీగ లాగడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

వీటిని పరీక్షించడానికి నిపుణుడు అక్కరలేదు. రుతుపవనాలకు ముందు ఒక రాత్రి, ఆఫీసు మూసిన తరువాత, బయటి సెల్‌ఫోన్‌ నుండి డైరెక్టరీలో ముద్రించిన నంబరుకు ఫోన్‌ చేయాలి. ఎన్ని గంటలకు ఎవరు పలికారు, వారి ఫోన్‌లో ఏ నంబరు కనిపించింది, అదే సమయంలో రెండవ సెల్‌ నుండి చేసిన కాల్‌ కలిసిందా అన్నవి రాసుకోవాలి. తరువాత మెయిన్‌ స్విచ్‌ ఆపి ఇంకొకసారి చేయాలి. ఆ కాగితం నకలును ఈపీఏబీఎక్స్‌ పెట్టె లోపలి మూతకు అతికించి, మార్పు చేసిన ప్రతిసారీ తేదీ వేయాలి.