బీరువా తాళపుచెవి

పాఠశాలలో బాలునితో మాటలాడు పెద్దలందఱును ఏదో యొకటి అడుగువారే. లెక్కల పంతులు జవాబు నడుగును. తెలుగు పంతులు పద్యము నప్పగింపు మనును. ప్రధానోపాధ్యాయుడు ఆలస్యమునకు కారణ మడుగును. మార్కులు వేయనివాడు, పరీక్ష పెట్టనివాడు గ్రంథపాలకు డొక్కడే. ఈ సుగుణమే అతనికిని పిల్లలకును నడుమ స్నేహమునకు పునాది కావలసియుండగా, పెక్కు బడులలో అతనిని గూర్చి పిల్లలకు తెలిసినది అతని చేతిలోని తాళపుచెవి మాత్రమే. ప్రత్యేకముగ గ్రంథపాలకుడే లేనిచోట బీరువా ఒక ఉపాధ్యాయునకు అదనపు భారముగా సంక్రమించుచున్నది.

నిజామాబాదు పట్టణమునను, బోధను చెఱకు సీమలోను ఈ విషయము మఱింత ఆలోచింపదగినది. 1930ల చివర వెలసి శక్కర్‌నగరునకు ఆ పేరు తెచ్చిన చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఆ వీథులలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడు భాషలును వినవచ్చుచుండును. తండ్రి గల్ఫు దేశమునను, తల్లి బీడీల చాట ముందటను ఉండు ఇండ్లు ఈ జిల్లాలో అనేకము. అట్టి ఇంటి పిల్ల పుస్తకము కొఱకు వచ్చినప్పుడు "ఏ పుస్తకము? వ్రాసినవా రెవరు?" అని గద్దించుట మఱియొక ప్రశ్నపత్రము నిచ్చుటయే. "మొన్నటి పుస్తకం ఎట్లున్నది బిడ్డా?" అనిన చాలును. "మంచిగ లేదు సార్" అని ఆ పిల్ల జంకులేక చెప్పగలిగిననాడే ఆ గ్రంథాలయము నిజముగా తెఱువబడినట్లు.

గణితాధ్యాపకుడుగా నుండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రములు లోకప్రసిద్ధములు. చదువరికి తగిన పుస్తకమును, పుస్తకమునకు తగిన చదువరిని వెదకి కలుపుట గ్రంథపాలకుని ధర్మమని వాని సారాంశములలో నొకటి. ఈ పెండ్లి కుదుర్చుటకు పుస్తకము నొక్కదానినే ఎఱిగిన చాలదు. పిల్లవానిని గూడ ఎఱుగవలెను. పేరు, ఇల్లు, ఇంటిభాష, వాని నవ్వించునది, భయపెట్టునది తెలిసికొనవలెను.

ఈ విద్యలో మనకు గురువు మన చెంతనే కలడు. వట్టికోట ఆళ్వారుస్వామి బాల్యమున ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేసి చదువు నేర్చినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి చదువరుల వాకిట నుంచినవాడు. 1948లో దాశరథితో పాటు ఇదే ఇందూరు కోటలోని కారాగారమున బంధింపబడినవాడు. చదువరి తన యొద్దకు వచ్చువఱకు ఆయన కాచుకొని కూర్చుండలేదు. మన గ్రంథపాలకుడును విరామపు గంట మ్రోగగానే పది పుస్తకములతో వేపచెట్టు క్రిందికి పోయి కూర్చుండిన, ఏడాది పొడుగున బీరువా కానుకొని కూర్చుండుట కంటె మిన్న.

కాని గ్రంథపాలకుని నిందించి ఊరకుండుట న్యాయము కాదు. అతనికిని ఒక భయము కలదు. పుస్తకము పోయిన తనిఖీనాడు తన జీతమునుండి వసూలు చేయుదురేమో యని అతడు జంకును. భయపడువాడు స్నేహము చేయజాలడు, తాళము వేయును. ఇచ్చట కేంద్రప్రభుత్వపు 2017 నాటి సామాన్య ఆర్థిక నియమావళి ఒక చక్కని మార్గము చూపుచున్నది. మోసముగాని అజాగ్రత్తగాని లేనియెడల, సంవత్సరములో చదువరుల కిచ్చిన ప్రతి వేయి పుస్తకములకు అయిదు పోవుట సహజముగా నెంచవచ్చునని దానిలో నున్నది. అరుదైన గ్రంథములకును, వేయి రూపాయలకు మించిన వెలగలవానికిని మాత్రము విచారణ తప్పదు.

గమనింపుడు: ఆ లెక్క బీరువాలో నున్న పుస్తకములకు గాదు, చేతులు మాఱిన పుస్తకములకు. ఎన్ని తిరిగిన అంత మన్నింపు. ఏదియు ఇయ్యనివానికి మన్నింపును లేదు. అది కేంద్ర కార్యాలయముల నియమమే కావచ్చును. దానిలోని న్యాయము మన బడులకు చెల్లరాదా? విద్యాధికారులు ఈ అభయమును ప్రతి పాఠశాలకును వ్రాతమూలముగా నీయవలెను.

పిల్లలకు బాధ్యత ఎట్లలవడునని కొందఱు ప్రశ్నింతురు. పద్దు ఉండవలసినదే; గడువు ఉండవలసినదే. అయితే ఆ పద్దును పిల్లలచేతనే వ్రాయింపుడు. చినిగిన అట్టను వారిచేతనే అతికింపుడు. జుల్మానా కట్టినవాడు మరల రాడు. అట్ట అతికించినవాడు ఆ పుస్తకమును తనదిగా భావించును.

ఏటేట నవంబరు 14 మొదలు 20 వఱకు గ్రంథాలయ వారోత్సవములు జరుపుకొనుచున్నాము. దండలు, ఉపన్యాసములు ఎటులను ఉండును. వానితోపాటు ఆ వారమున ఒక్క పని చేయుదురు గాక: బడిలో మిక్కిలి నలిగిన పుస్తకమేదో వెదకి తీసి, దానిని చదివి నలిపిన పిల్లలను పేరుపేరున పిలిచి, మెచ్చుకొందురు గాక.