వృద్ధుల ధనరక్షణము

2025వ సంవత్సరము అక్టోబరులో సుప్రీంకోర్టువారు, హర్యానా రాష్ట్రమందలి అంబాలాకు చెందిన వృద్ధదంపతులు వ్రాసికొనిన లేఖను పురస్కరించుకొని, తమంతట తామే విచారణకు బూనుకొనిరి. ఆ దంపతులయొద్ద కోటిరూపాయలకు పైగా హరించిన దుండగులు వారికి జూపినవి సుప్రీంకోర్టు పేరనే సృష్టించిన దొంగ యుత్తరువులు! డిసెంబరు 1వ తేదీన న్యాయస్థానమువారు దేశమంతటను ఇట్టి నేరముల దర్యాప్తును సి.బి.ఐ. కప్పగించిరి. సంతోషమే. కాని దర్యాప్తనునది ధనము పోయిన పిమ్మటి మాట. పోకముందు ఇంటిలో జరుగవలసినదానిని గూర్చి నేడు ప్రస్తావింపదలచితిమి.

ఈ మోసమునకు 'డిజిటల్ అరెస్టు' అని పేరు పెట్టినారు. మొదట ఫోను మ్రోగును. మీ పేర వచ్చిన పార్సెలులో మాదకద్రవ్యములు దొరికినవనియో, మీ ఆధార్ సంఖ్యతో తెరచిన ఖాతాలో దొంగసొమ్ము నడచినదనియో ఒకడు చెప్పును. పిదప పోలీసు దుస్తులు ధరించిన వేరొకడు వీడియోలో ప్రత్యక్షమగును. ఫోను పెట్టివేయరాదు, గది వెడలరాదు, బిడ్డలకు జెప్పినచో వారిని సైతము బంధింతుమనును. ఈ బెదిరింపు గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది సాగును. తుదకు సొమ్మంతయు తాము చెప్పిన ఖాతాకు పంపవలెననియు, తనిఖీ ముగిసినంతనే తిరిగి యిత్తుమనియు నమ్మబలుకుదురు.

మన చట్టములలో ఇట్టి అరెస్టు లేనేలేదు. 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి మోదీగారు తమ రేడియో ప్రసంగములో ఈ సంగతినే స్పష్టముగా జెప్పియుండిరి. నిజముగా నొకరి నరెస్టు చేసినపుడు ఆ వార్త బంధుమిత్రులలో నొకరికి దెలుపుట పోలీసువారి విధి. దొంగ యన్ననో, ఎవ్వరికిని జెప్పవలదనును. ఎవ్వరికిని చెప్పవలదన్నవాడు పోలీసు కాడని మన తలిదండ్రులకు నచ్చజెప్పగలిగినచో సగము పని జరిగినట్లే.

అయినను చదువుకొన్నవారేల మోసపోవుచున్నారు? ఉపాధ్యాయులు, వైద్యులు, పెద్దయుద్యోగములు చేసి విరమించినవారు సైతము ఈ వలలో జిక్కుకొనినారు. సర్కారు కాగితమన్న గౌరవముతో, పోలీసుగడప త్రొక్కకుండుటయే పరువుగా జీవితమంతయు గడపినవారు వారు. ఆ మర్యాదయే దొంగకు పెట్టుబడి. పైగా కుమారులు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో యుండుటచే, ఇంట నున్న యిద్దరు ముసలివారికి బిడ్డల పలుకు వినిపించునది ఆ ఫోనొక్కటియే. మ్రోగినప్పుడు ఎత్తకుండుటెట్లు?

ఇక బిడ్డల సంగతి. తండ్రి యొక తప్పు మీట నొక్కినంతనే "నీకీ ఫోనెందుకు నాన్నా?" అని కసరుకొను యువకులు మనలో పెక్కుమంది గలరు. తమకు ఓనమాలు దిద్దించుటకు ఆయన యెన్ని మాసములు శ్రమపడెనో వారికి జ్ఞప్తి లేదు. దీని ఫలితమేమి? మొదటిసారి అయిదువేలు పోయినపుడు తండ్రి చెప్పడు. ఆ సిగ్గు ముదిరి, అయిదు లక్షలు పోవుచున్నపుడును చెప్పడు. గది తలుపు మూయుమని దొంగ యాజ్ఞాపించుటకు పూర్వమే మన మందలింపు ఆ తలుపు మూసియుంచినది. 2024లో సైబరు మోసములవలన ఈ దేశ ప్రజలు గోల్పోయిన ధనము 22,845 కోట్ల రూపాయలని ప్రభుత్వమువారు పార్లమెంటులో దెలిపిరి. నోరు మెదపక మ్రింగుకొనిన నష్టము ఈ లెక్కకు రానేరాదు గదా!

బ్యాంకు వ్యవహారమంతయు ముసలివారి చేతినుండి లాగికొనుటయే మందని కొందరందురు. మేమంగీకరింపజాలము. ముప్పదియేండ్లు కొలువుచేసి సంపాదించిన పించనుమీద అధికారము వారిది. వారి సమ్మతితో ఫోనుద్వారా దినమునకు పంపగల మొత్తమును తగ్గించుకొనవచ్చును. నిత్యఖర్చు ఖాతాను, పెద్దమొత్తము లున్న ఖాతాను వేరుచేయవచ్చును. బిడ్డల గొంతునే యనుకరించు యంత్రములు వచ్చినవి గనుక, ఆపదయని పిలుపు వచ్చినపుడు అడుగుటకు ఇంటివారి కొక రహస్యపుమాట యుండుట మంచిది.

బ్యాంకువారికిని బాధ్యత గలదు. డెబ్బదియేండ్ల వృద్ధుడు గడువు తీరని డిపాజిట్టును హడావుడిగా రద్దుచేయింప వచ్చినపుడు, ప్రక్కకు బిలిచి రెండు మాటలడుగుట గుమాస్తాకు భారము కాదు. 2024లో హైదరాబాదు స్టేటుబ్యాంకు ఉద్యోగులు ఇట్లే యనుమానించి యడిగి, ఒక పెద్దమనిషి సొమ్ము లక్షలు దాటిపోకుండ గాపాడిరి. ఇది ఒకరిద్దరి మంచితనముగా మిగులక, ప్రతి శాఖయందును నియమము గావలెను.

సొమ్ము పోయినచో తక్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. దొంగసొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు శీఘ్రముగా పారిపోవును. తొలి గంటలలోనే తెలిపినచో దానిని నడుమ నిలుపుట కవకాశము గలదు, మరునాటికి మిక్కిలి కష్టము. ఆ నాలుగంకెలను పెద్దవిగా వ్రాసి గోడకంటించుట నేటి సాయంకాలమే చేయదగినది. దూరమున నున్నవారు ఈ యాదివారము అమ్మతో మాటలాడునపుడు, మందులు వేసికొంటివా యని యడిగిన పిమ్మట, క్రొత్తవారెవరైన ఫోను చేసిరా యనికూడ నడుగుదురు గాక. ఆమె అవునన్నచో కోపపడక తుదివరకు విందురు గాక.