బండికి ముందు ఎఱ్ఱజెండా

గత శీతకాలమున జరిగిన ఒక విజ్ఞాన ప్రదర్శనమునకు మన పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తానే తయారుచేసిన చిన్న సాధనమును తీసికొనిపోయెను. చూచుటకు అది గొప్పదేమియు కాదు. రెండు చెక్కపట్టెలు, రెండు ఇత్తడి రేకులు, ఒక బ్యాటరీ, ఒక గంట, 24 జడపిన్నులు. కాని మగ్గమెరిగిన యింటి బిడ్డకు తప్ప అన్యులకు అది తోచునది కాదు. మరమగ్గముపై పడుగులో ఒక్క పోగు తెగినను, నేతగాడు గమనించువరకు మగ్గము నడచుచునే యుండును. ఆ మేరకు బట్టలో గీత పడును. ఆ బట్టకు వెల తగ్గును. తగ్గిన వెల నేతగాని కూలిలో తేలును. పెద్ద మిల్లులలో పోగు తెగగానే మగ్గము దానంతట నదే ఆగు ఏర్పాటు ఏనాడో వచ్చినది. షోలాపురములో మన పేటలలోని పాతమగ్గములు పెక్కింటికి అది లేదు. ఈ బాలుడు ఒక్కొక్క పోగునకు ఒక్కొక్క జడపిన్నును తగిలించెను. పోగు బిగువుగా నున్నంతవరకు పిన్ను పైన నిలుచును. తెగిన తక్షణము పిన్ను జారి రెండు రేకుల నడుమ పడును, విద్యుత్తు పారును, గంట మ్రోగును.

నిర్వాహకులు దానిని ప్రదర్శనములోనికి రానీయలేదు. వారు చెప్పిన కారణములు రెండు. ముందుగా పంపిన అంశముల పట్టికలో ఇది ఏ అంశము క్రిందికిని రాదట. వివరణపత్రము నిర్ణయించిన నమూనాలో లేదట. ఆ నమూనాలో నాలుగు గదులున్నవి. మనవాడు గదులు విడిచి ఒక బొమ్మ గీసి, ప్రక్కన తెలుగులో పడుగు, పోగు, అచ్చు అని పేర్లు వ్రాసెను. ఆ వస్తువులకు వాడెరిగిన పేర్లు అవియే. గంట మ్రోగునా, మ్రోగదా యని మాత్రము ఎవరును అడుగలేదు.

ఆ నిర్వాహకులను దూషించుటకు మేమిది వ్రాయుటలేదు. వందలకొలది నమూనాలు వచ్చుచోట ఏదో యొక హద్దు పెట్టక తీరదు. మా ఆక్షేపణ హద్దుపై గాక, దాని రూపముపై. అంశముల పట్టిక యనగా ఇంతవరకు లోకమెరిగిన వస్తువుల పట్టిక. ఎవరును ఎరుగని వస్తువు అందులో ఎట్లుండును? అట్టి పట్టికను ద్వారపాలకునిగా నిలిపినచో, నిరుటి నమూనాకు రంగు మార్చి తెచ్చినవాడు సులువుగా లోనికి పోవును, క్రొత్తది తెచ్చినవాడు వెలుపల నిలుచును.

పెద్దల లోకములోను ఇట్లే జరిగినది. ఇంగ్లండులో 1865వ సంవత్సరమున ఒక చట్టము చేసిరి. ఆనాడు రోడ్లమీద గుఱ్ఱము లేక నడచు బండ్లనగా ఆవిరియంత్రపు బండ్లే. టన్నులకొలది బరువుతో పొగ గ్రక్కుచు పోవునవి. అవి రోడ్లను పాడుచేయుచున్నవనియు, గుఱ్ఱములను బెదరించుచున్నవనియు ప్రజలు మొఱపెట్టుకొనిరి. మొఱలో నిజము లేకపోలేదు. దానికి పార్లమెంటు కనుగొన్న మందు ఇది: బండి ఊరి వెలుపల గంటకు 4 మైళ్లను, ఊరిలో 2 మైళ్లను మించి పోరాదు, దానిని నడుపుటకు కనీసము ముగ్గురుండవలెను, వారిలో ఒకడు 60 గజముల ముందు ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. గంటకు 2 మైళ్లనగా, మన పిల్లలు బడికి ఆలస్యముగా వచ్చునపుడు నడచు నడక కన్నను మందము.

1878లో ఆ చట్టమును సవరించిరి. జెండా విధిగా ఉండవలెనను మాట పోయెను గాని మనిషి పోలేదు; 20 గజముల ముందు వాడు నడచుచునే యుండవలెను. ఇంతలో 1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను నతడు పెట్రోలు జాతి తైలముతో నడచు మూడుచక్రముల తేలికబండికి పేటెంటు పొందెను. ఆ బండికిని, రోడ్లను నలుగగొట్టు ఆవిరియంత్రమునకును పోలిక యేమి? కాని ఇంగ్లండు చట్టము దృష్టిలో రెండును ఒకటే. గుఱ్ఱము లేక నడచినది కావున దాని ముందును మనిషి నడువవలసినదే. 1865లో చట్టము వ్రాసినవారు తమ కన్నుల యెదుటి యంత్రమును చూచి, ఇక రాబోవు యంత్రములన్నియు దానివలెనే యుండునని యెంచిరి. వారి తప్పు అంతమాత్రమే; కాని దాని ఫలము ముప్పదియేండ్లు నిలిచినది.

1896లో తేలికబండ్లకు ఆ చట్టమునుండి విడుదల కలిగెను. ఆ సంవత్సరము నవంబరు 14వ తేదీన లండన్ నుండి బ్రైటన్ వరకు మోటారుబండ్లు వరుసగా సాగెను. బయలుదేరుటకు ముందు ఒక ఎఱ్ఱజెండాను లాంఛనముగా చించివేసిరి. ఆ ప్రయాణమును స్మరించుచు నేటికిని పాతకార్లవారు ఏటేట ఆ దారినే పోవుచుందురు. ఆవిరియంత్రములకు పేరెన్నికగన్న దేశము మోటారుబండి విషయమున ఫ్రాన్సు, జర్మనీల వెనుక నిలిచినది. చట్టమొక్కటియే దీనికి కారణమని మేమనము. ఇతర కారణములును ఉండవచ్చును. అయినను, గంటకు 4 మైళ్లు మాత్రమే పోదగిన బండిని ఇంకను వేగముగా పోవునట్లు మెఱుగుపెట్టుటకు ఏ కమ్మరికి ఉత్సాహము కలుగును?

ఇచట జడపిన్నుల బాలునికి తోబుట్టువనదగిన యొకామెను చెప్పక విడువలేము. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, భర్తకు చెప్పకయే, తన యిద్దరు కుమారులతో ఆ బండినెక్కి మాన్‌హైము నుండి ప్ఫోర్‌జ్‌హైములోని పుట్టింటికి బయలుదేరెను. సుమారు 100 కిలోమీటర్ల దారి. తైలము త్రోవలో ఔషధాలయమున కొనెను. తైలపు గొట్టము పూడుకొనగా తన టోపీపిన్నుతో శుభ్రపరచెననియు, బ్రేకులు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెననియు చెప్పుదురు. బండిలో ఏయే లోపములున్నవో ఆ ఒక్క ప్రయాణముననే తేలినవి. ముందుగా పట్టికలో వ్రాసి, అనుమతి కొరకు వేచియున్నచో ఆమె ఇల్లు కదలియుండునా?

తల్లిదండ్రులు ఇచట ఒక ప్రశ్న వేయుదురు. బ్యాటరీలు, తీగెలు, మంటలతో పిల్లలాడుచుండగా అదుపు వలదా? వలయును. 1905 మార్చి 20న అమెరికాలో బ్రాక్టన్ అను ఊరి బూట్ల కర్మాగారమున బాయిలరు ప్రేలి 58 మంది మరణించిరి. ఆ తరువాతనే అచటి రాష్ట్రము బాయిలర్ల నిర్మాణమునకు నియమములు చేసినది. వానిని మేము నిండుమనసుతో సమర్థింతుము. మిల్లులున్న ఊరిలో పుట్టిన మనకు బాయిలరు అనిన భయభక్తులు రెండును కలవు. ఒత్తిడికి రేకు తాళునా, అతుకు నిలుచునా, ప్రేలినచో ఎవరు చత్తురు అను ప్రశ్నలు ప్రాణమునకు సంబంధించినవి. వానిని ఎంత గట్టిగా అడిగిన అంత మేలు. వాటి నడుమనే, ఇది మేమెరిగిన వస్తువువలె నున్నదా అను ప్రశ్నయు చేరి కూర్చుండును. దానిని మాత్రము లేపి పంపవలెను.

బట్టల విషయమున ఈ భేదము మన యిండ్లకే తగులును. మచిలీపట్నపు తీరమునుండి పోయిన అద్దకపు బట్టలు ఐరోపాలో ఎంత ప్రీతిపాత్రములైనవనగా, అచటి ఉన్ని, పట్టు నేతగాండ్రు కలతజెందిరి. ఫ్రాన్సు 1686లోనే అద్దకపు నూలుబట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో దిగుమతిని ఆపి, 1721 నాటి చట్టముతో అట్టి బట్టలు చాలవరకు ధరించుటయే నేరము చేసెను. లండన్ వీథులలో ఆ బట్టలు కట్టిన స్త్రీలపై గుంపులు పడి చీరలు చింపినట్లు వారి గౌనులను చింపినవి. ఆ నేతగాండ్ర ఆకలి నిజమే. కాని దానికి స్త్రీ గౌనుపై పూవు ఏమి చేసినది?

దూరదేశపు పూర్వకథ యని దీనిని విడిచిపెట్టలేము. 1985లో మన పార్లమెంటు చేసిన చట్టము కొన్ని రకముల వస్త్రములను చేమగ్గమునకే ప్రత్యేకించినది. మొదట అవి 22 రకములు. తరువాత 11కు తగ్గినవి. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టమును నిలిపినది. మన పిల్లల తాతలు తెలంగాణమునుండి వచ్చినపుడు చేమగ్గముపై కూర్చుండినవారు. తండ్రులలో పెక్కుమంది మరమగ్గములకు మారినవారు. అందువలన ఒకే యింట ఈ చట్టమును మెచ్చువారును, నిందించువారును కలరు. మా అభిప్రాయమేమనగా, చేనేతవానికి రక్షణ న్యాయము. విద్యుత్తుతో పోటీపడి వాని కాళ్లు గెలువలేవు. కాని చట్టము దృష్టిలో విద్యుత్తుతో నడచునది మరమగ్గము. మోకాళ్లు అరిగిన ముసలి నేతగాడు తొక్కుడుపలకను లేపుటకు చిన్న మోటారు నొకదానిని తగిలించినచో, వాని మగ్గము ఏ జాతి క్రిందికి వచ్చునను ప్రశ్న వెంటనే లేచును. మోటారునకు తలుపు తీసినచో రక్షణయే కొట్టుకొనిపోవునని కొందరు పెద్దలు భయపడుదురు. ఈ భయము నిరాధారము కాదు. అయినను, రక్షింపవలసినది ముసలివానిని గాని వాని మోకాళ్ల నొప్పిని కాదు గదా! ఈ చిక్కును విప్పు పని చట్టము వ్రాయువారిది. మగ్గమునకు ఎన్నడును చేతితో తప్ప మార్పు తలపెట్టకుమని నేతగానితో ననుట విప్పుట కాదు.

తప్పు తెలిసిన మీదట ప్రభుత్వములు దిద్దుకొనుటయు కలదు. డ్రోను అను చిన్న విమానములను మన దేశమున పౌరులు ఎగురవేయుటను 2014 అక్టోబరులో ఆపివేసిరి. నియమములు వచ్చుటకు 2018 వరకు పట్టినది. 2021 మార్చిలో వచ్చిన నియమావళిలో పూరింపవలసిన పత్రములు 25, చెల్లింపవలసిన రుసుముల రకములు 72. అదే సంవత్సరము ఆగస్టు 25న దానిని త్రోసివేసి క్రొత్త నియమావళిని ప్రకటించిరి. పత్రములు 5, రుసుములు 4. విమానాశ్రయముల చుట్టును, నిషిద్ధ ప్రాంతములలోను కట్టుబాట్లు నిలిచియేయున్నవి, నిలువవలెను కూడ. కాని ప్రభుత్వపు గుర్తింపుగల విద్యాసంస్థలు పరిశోధనకై ఆకుపచ్చ మండలముగా గుర్తించిన చోట, తమ ఆవరణలో ఎగురవేయు డ్రోనులకు ధ్రువపత్రము, గుర్తింపుసంఖ్య, నడుపువాని లైసెన్సు అక్కరలేదనిరి. ఆరునెలలలో ఆకాశము మారలేదు, డ్రోనులు మారలేదు. అడుగు ప్రశ్నలు మారినవి.

ఆకాశము విషయముననే అంత సడలింపు సాధ్యమైనపుడు, మన బడి హాలులో ఒక బల్ల విషయమున సాధ్యము కాదా? రాబోవు వార్షికోత్సవమునాటి ప్రదర్శనమున ఒక పెద్దబల్లను పట్టికలేని బల్లగా విడువవలెనని మేము ప్రధానోపాధ్యాయులవారిని కోరియున్నాము. అచట వస్తువును పెట్టదలచిన విద్యార్థిని ఉపాధ్యాయుడు రెండే అడుగును. ఇది ఎవరినైన గాయపరచునా? ఇది ఎట్లు పనిచేయునో నీ మాటలలో చెప్పగలవా? మొదటిదానికి సమాధానము ఉపాధ్యాయుడు స్వయముగా పరీక్షించి తేల్చును; ఇంటి కరెంటునకు నేరుగా కలిపినది, మంట కలది, పదునుగలది ఏదియు ఆయన యెదుట తప్ప నడువదు. రెండవదానికి సమాధానము తెలుగులో చెప్పవచ్చును, మరాఠీలో చెప్పవచ్చును, బొమ్మ గీసియు చెప్పవచ్చును. పనిచేయని వస్తువునకు సైతము స్థానముండును, ఎందుకు పనిచేయలేదో చెప్పగలిగినచో.

తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటి. పిల్లలు ఇంటిలో పాతగడియారమును విప్పినపుడు, కుట్టుమిషను చక్రమునకు ఏదో కట్టినపుడు, మొట్టమొదట చెంపమీద కొట్టకుడు. ఏమి చేయుచున్నావని యడుగుడు. బిడ్డ చెప్పుదానిలో సగము మీకు అర్థము కాకపోవచ్చును. ఆ సగమే బిడ్డ స్వయముగా కనుగొన్నది కావచ్చును.

జడపిన్నుల సాధనము ఇప్పుడు ఆ బాలుని తండ్రి మగ్గమునకు ఒక ప్రక్కన తగిలించియున్నది. మేము చూడబోయిన సాయంకాలము అది రెండుమారులు మ్రోగినది. ఒకమారు నిజముగనే పోగు తెగినది. రెండవమారు మగ్గపు అదురునకు పిన్ను జారినది. వాడు నొచ్చుకొని, పిన్నులు తేలికైనవి, సైకిలు పుల్లల ముక్కలు తగిలించెదననెను. వాని చెల్లెలు మాత్రము ఆ మాటకు సంతోషించినది. తన 24 పిన్నులును తనకు తిరిగి వచ్చునట.