చిన్న బీరు తయారీదారులకు సుంకం ఊరట: అమెరికా అనుభవం చెప్పే పాఠాలు

ప్రత్యేక వ్యాసం

మద్యంపై సుంకం ప్రభుత్వ ఖజానాకు ముఖ్యమైన ఆదాయ వనరు. అదే మద్యం ప్రజారోగ్యానికి ముప్పు తెచ్చే సరుకు కూడా. ఈ రెండింటి నడుమ, చిన్న స్థాయిలో బీరు తయారుచేసే వారికి సుంకంలో రాయితీ ఇవ్వడం ఎంతవరకు సమంజసం? అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1976 నుంచి ఈ ప్రశ్నకు దశలవారీగా సమాధానం వెతుకుతూ వచ్చాయి. ఆ అనుభవంలో సాఫల్యాలతో పాటు వైఫల్యాలూ ఉన్నాయి.

నిషేధం మిగిల్చిన వారసత్వం

అమెరికాలో 1920 జనవరి 17న మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1933 డిసెంబరు 5న రాజ్యాంగ సవరణ ద్వారా దానిని ఎత్తివేశారు. నిషేధం తొలగిన తరువాత ఇంటిలో సొంత అవసరానికి ద్రాక్షసారాయం తయారు చేసుకోవడానికి చట్టం అనుమతించింది కానీ, బీరుకు ఆ వెసులుబాటు దక్కలేదు. మరోవైపు పెద్ద సంస్థలు చిన్నవాటిని కలుపుకుంటూ పోయాయి. 1970వ దశకం చివరి నాటికి అంతటి విశాల దేశంలో బ్రూవరీల సంఖ్య వందకు లోపే మిగిలింది. దేశమంతటా దాదాపు ఒకే రుచి గల తేలికపాటి బీరు రాజ్యమేలింది.

1976: తొలి ఊరట

అమెరికాలో బీరుపై సమాఖ్య ఎక్సైజ్ సుంకాన్ని ధరను బట్టి కాక పరిమాణాన్ని బట్టి విధిస్తారు. ఒక బ్యారెల్ అంటే 31 గ్యాలన్లు, సుమారు 117 లీటర్లు. అప్పట్లో బ్యారెల్‌కు 9 డాలర్ల సుంకం ఉండేది. భారీ యంత్రాలతో లక్షల బ్యారెళ్లు తీసే సంస్థకు, కొద్దిపాటి పాత్రలతో పనిచేసే తయారీదారుకు రేటు ఒక్కటే. బ్యారెల్‌కు అయ్యే ఉత్పత్తి వ్యయం మాత్రం చిన్నవారికి ఎంతో అధికం. ఈ అసమానతను సరిదిద్దే ఉద్దేశంతో 1976లో చట్టం చేశారు. సాలీనా 20 లక్షల బ్యారెళ్లకు మించని తయారీదారులకు తొలి 60,000 బ్యారెళ్లపై సుంకాన్ని 7 డాలర్లకు తగ్గించారు. 1991లో సాధారణ సుంకాన్ని 18 డాలర్లకు రెట్టింపు చేసినప్పుడు కూడా ఈ 7 డాలర్ల రేటును కదిలించలేదు. ఫలితంగా తొలి చట్టంలో బ్యారెల్‌కు 2 డాలర్లుగా ఉన్న వ్యత్యాసం 11 డాలర్లకు పెరిగింది. చిన్న పరిశ్రమ నిలదొక్కుకోవడానికి ఇది తోడ్పడింది.

ఇంటి బీరుకు చట్టబద్ధత

సుంకం తగ్గినంత మాత్రాన కొత్త తయారీదారులు పుట్టుకురారు. పని తెలిసిన చేతులు కావాలి. ఆ లోటును తీర్చినది 1978 నాటి చట్టం. సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ చొరవతో చేరిన సవరణపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ ఏడాది అక్టోబరులో సంతకం చేశారు. 1979 ఫిబ్రవరి నుంచి అది అమలులోకి వచ్చింది. ఒక వయోజనుడు మాత్రమే ఉన్న ఇంటికి సాలీనా 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్ల వరకు సుంకం లేకుండా బీరు తయారు చేసుకోవచ్చు. అమ్మకం మాత్రం నిషిద్ధం. తుది అధికారం రాష్ట్రాలదే కనుక అన్నిచోట్లా ఇది ఒకేసారి అమలు కాలేదు. అలబామా, మిసిసిపి రాష్ట్రాలు 2013లో గాని అనుమతించలేదు.

వంటింటి ప్రయోగాలే క్రమంగా పరిశ్రమకు పాఠశాలలయ్యాయి. కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో ఇంటి బీరుకు కావలసిన సామగ్రి అమ్మే దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్, 1980లో సియెరా నెవాడా పేరుతో తొలి బీరు తయారుచేసి, తరువాతి కాలంలో దానిని దేశంలోని ప్రముఖ సంస్థలలో ఒకటిగా తీర్చిదిద్దారు. సుంకంలో ఊరట, ఇంటిలో నేర్చిన నైపుణ్యం రెండూ కలిసినప్పుడే ఫలితం కనిపించిందన్నది ఇక్కడ గమనార్హం. అలాగని విజయం అందరినీ వరించలేదు. 1976లో ప్రారంభమైన మార్గదర్శక సంస్థ న్యూ ఆల్బియన్ పెట్టుబడి లేమితో 1982లోనే మూతపడింది.

2017: ఎవరికి ఎంత లాభం?

2017 పన్ను చట్టం చిన్నవారి రేటును 7 డాలర్ల నుంచి 3.50 డాలర్లకు తగ్గించింది. తొలుత రెండేళ్లకే పరిమితమైన ఈ రాయితీని ఒకసారి పొడిగించి, 2020 డిసెంబరులో శాశ్వతం చేశారు. అయితే అదే చట్టం పెద్ద సంస్థలకు కూడా తొలి 60 లక్షల బ్యారెళ్లపై సుంకాన్ని 18 నుంచి 16 డాలర్లకు తగ్గించింది.

లెక్క వేసి చూస్తే అసలు చిత్రం బోధపడుతుంది. సాలీనా 1,000 బ్యారెళ్లు తీసే తయారీదారుకు మిగిలేది 3,500 డాలర్లు. 60,000 బ్యారెళ్లు తీసే వారికి 2 లక్షల 10 వేల డాలర్లు. 60 లక్షల బ్యారెళ్లు దాటిన భారీ సంస్థకు ఏకంగా కోటి 20 లక్షల డాలర్లు. చిన్నవారి పేరుతో వచ్చిన రాయితీలో పెద్ద మొత్తం పెద్దల చేతికే చేరిందన్న మాట.

పరిమితి వద్ద మరో చిక్కు ఉంది. 20 లక్షల బ్యారెళ్ల గీత దాటిన సంస్థ 3.50 డాలర్ల రేటును పూర్తిగా కోల్పోతుంది. అంటే ఒక్కసారిగా 7 లక్షల 50 వేల డాలర్ల అదనపు భారం పడుతుంది. బ్రిటన్‌లోనూ ఇటువంటి సమస్యే తలెత్తింది. అక్కడ 2002లో ప్రవేశపెట్టిన విధానంలో 5,000 హెక్టోలీటర్ల వరకు సుంకం సగమే. ఆపై రాయితీ వేగంగా కరిగిపోవడంతో చిన్న సంస్థలు ఎదగడానికి జంకుతున్నాయన్న విమర్శ వచ్చింది. 2023 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం రాయితీ క్రమంగా తగ్గేలా విధానాన్ని సవరించింది.

రాయితీకి ఉన్న హద్దులు

నేడు అమెరికాలో బ్రూవరీల సంఖ్య 9,000 దాటింది. అయినా 2024లో కొత్తగా తెరిచినవాటి కంటే మూతపడినవే ఎక్కువ. గిరాకీ తగ్గుతున్నప్పుడు సుంకం ఊరట ఒక్కటే సంస్థను కాపాడలేదు. 2025లో అల్యూమినియం దిగుమతులపై సుంకాన్ని 25 శాతానికి, ఆ తరువాత 50 శాతానికి పెంచడంతో డబ్బాల ఖర్చు భారమైంది. ఒక చేత్తో ఇచ్చినది మరో చేత్తో తీసుకున్నట్లయింది.

మన పరిస్థితికి అన్వయం

భారతదేశంలో మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. మానవ వినియోగానికి ఉద్దేశించిన మద్యం జి.ఎస్.టి. పరిధికి వెలుపల ఉంది. కనుక సుంకంపై నిర్ణయం రాష్ట్రానిదే. తెలంగాణలో 2015లో సూక్ష్మ బ్రూవరీలకు నిబంధనలు రూపొందాయి. అదే సమయంలో మద్యనిషేధానికి కృషి చేయాలని రాజ్యాంగంలోని 47వ అధికరణం రాజ్యానికి నిర్దేశిస్తోంది. షెడ్యూల్డ్ ప్రాంతాలలో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వినియోగాన్ని నియంత్రించే అధికారాన్ని 1996 పెసా చట్టం గ్రామసభలకు కల్పించింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1990వ దశకం ఆరంభంలో సాగించిన సారా వ్యతిరేక పోరాటాన్ని తెలుగు ప్రజలు మరువలేదు.

అందువల్ల అమెరికా విధానాన్ని యథాతథంగా అనుకరించడం తగదు. అయినా దాని నుంచి మూడు సూత్రాలు గ్రహించవచ్చు. రాయితీ నిజంగా చిన్నవారికే చేరేలా పరిమితి ఉండాలి. ఆ పరిమితి ఎదుగుదలకు గోడ కాకుండా మెట్లు మెట్లుగా తగ్గాలి. ఊరట ఉత్పత్తిదారు మనుగడకే గాని, వినియోగం పెంపునకు కారాదు. ఈ మూడింటిని పాటించినప్పుడే ఖజానా, కుటీర పరిశ్రమ, ప్రజారోగ్యం మూడింటికీ న్యాయం జరుగుతుంది.